నాలుగు ఊళ్ళలో పుట్టినవాడు

సింగపూరు రేవు,
1857 ఆగస్టు 3

ఎపాంగ్ అక్కకు,

ముందు తిట్టడం కానిచ్చెయ్యి. తిట్టి, గుక్కెడు నీళ్ళు తాగి, అప్పుడు చదువు. ఒక్క ఏడాదిలో వస్తానని వెళ్ళినవాణ్ణి రెండేళ్ళయినా రాలేదు. ఎనిమిది నెలలుగా ఉత్తరం ముక్క కూడా లేదు. తప్పు నాదే. ఆ ఎనిమిది నెలల్లో ఎక్కువ భాగం తిమింగలాల వేటకు పోయే అమెరికా ఓడలో ఉన్నాను. అందులో ఉత్తరం ఇద్దామన్నా తీసుకుపోయేవాడు ఉండడు.

ఇప్పుడు మంచి మాట విను. నీ తమ్ముడు చుక్కాని పట్టాడు. 'సిసీలియా' అని ఇంగ్లీషు వాళ్ళ ఓడ, మూడు తెరచాప స్తంభాలది. కలకత్తా నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి బటేవియాకు బియ్యం, టేకు మోస్తుంది. దాన్ని నడిపే చక్రం రోజుకు రెండు పూటలు నా చేతిలో ఉంటుంది. గోర్యో మామ ఇంటికి రెండేళ్ళు నీళ్ళు మోసిన చేతులివేనా అని నాకే అనుమానం వస్తోంది.

ఈ పని ఎలా దొరికిందో చెబితే నవ్వుతావు. ఈ ఓడల్లో ఎవరికి ఏ పని వచ్చో ఎవరూ అడగరు. ఏ ఊరని అడుగుతారు. చిట్టగాంగు వాడైతే స్తంభం ఎక్కాలి. గోవా వాడైతే వంటింట్లోకి. చైనా వాడు వడ్రంగి. మలయా వాడు చిన్న పడవలు చూసుకోవాలి. చుక్కాని మాత్రం మనీలా వాళ్ళకే ఇస్తారు. ఎందుకని అడిగితే, వాళ్ళ తాతల కాలం నుంచీ అంతేనట. కెప్టెన్ నన్ను చూసి, "ఏ ఊరు?" అన్నాడు. "మనీలా దొరా" అన్నాను. అంతే, చక్రం దగ్గర నిలబెట్టాడు.

మొదటి ఓడ పోర్చుగీసు వాళ్ళది. వాళ్ళకు మకావ్ కుర్రాళ్ళంటే ఇష్టం కాబట్టి మకావ్‌లో పుట్టానన్నాను. అమెరికా వాళ్ళకు గువాం వాళ్ళు తెడ్డు బాగా వేస్తారని నమ్మకం, అందుకని గువాంలో పుట్టాను. డచ్చి ఓడలో తెర్నాతేలో పుట్టాను. ఇప్పుడు మనీలాలో. అమ్మ ఒక్కసారే కన్నా, నేను మాత్రం నాలుగు ఊళ్ళలో పుట్టాను అక్కా.

ఇక్కడ ఏ దేశం వాళ్ళ అన్నం కుండ వాళ్ళదే. మనీలా కుండలో తినేవాళ్ళం ఆరుగురం. ఒకడిది సమార్ దీవి, ఇద్దరిది బోహోల్ దీవి, ఒకడు మనీలా పక్కనున్న కవీతే వాడు, ఇంకొకడు ఎక్కడివాడో వాడికే సరిగ్గా తెలియదు. మొత్తం మీద మనీలా ఊరిని కళ్ళతో చూసినవాడు కవీతే వాడొక్కడే. పక్క కుండ దగ్గర పోలయ్య అని ఒక కళాసీ ఉన్నాడు. వాళ్ళది కోరంగి అనే రేవట. నాకు మంచి స్నేహితుడయ్యాడు. ఓడ పుస్తకంలో వాణ్ణి బెంగాలీ అని రాశారు. "మా నాన్న చూస్తే పుస్తకాన్నీ, నన్నూ కలిపి తంతాడు" అంటాడు. వాడి మిరపకాయ పచ్చడి తిన్న రోజు నేను మీ అందరికీ మనసులో వీడ్కోలు చెప్పుకున్నాను.

వచ్చే జూన్ దాకా ఈ ఓడకు కట్టుబడి ఉన్నాను. ఆ తర్వాత నైరుతి గాలి పట్టుకుని వచ్చేస్తాను. సేలాంగ్‌కు చెప్పు. వాళ్ళ నాన్న గోర్యో మామకూ చెప్పు. కాబోయే అల్లుడు మూడేళ్ళు ఇంటి చాకిరీ చెయ్యాలి, అందులో చివరి ఏడాది సముద్రం మీద గడిపినా లెక్కలోకి వస్తుందని అన్నది ఆయనే. "ఎదురుగా ఉన్న గిమారాస్ దీవి కూడా దాటనివాడికి నా కూతుర్నెలా ఇస్తాను?" అని నన్ను పంపించిందీ ఆయనే. ఆ మాట ఆయన మరిచిపోయి ఉండడనే అనుకుంటున్నాను.

నీ మగ్గానికి నీలం పట్టునూలు పంపుతున్నాను. ఇంకెవరికోసమో నెయ్యకు, నీకోసం నేసుకో.

నీ ఇస్లావ్


లినావ్,
1857 నవంబరు 20

తమ్ముడూ,

నువ్వు బతికి ఉన్నావని తెలిసి మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాతే తిట్టాను. వరస మార్చినందుకు ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం ఇలొయిలో రేవు నుంచి చైనా వర్తకుడు తెచ్చాడు. మన దగ్గర సముద్రం మీది నుంచి వచ్చిన ఉత్తరం ఒక్కరిది కాదని నీకు తెలుసు. ప్రతి ఇంటివాడూ ఎక్కడో ఒక ఓడ మీద ఉన్నాడు. తనవాడి కబురు అందులో ఉంటుందేమోనని అందరూ వస్తారు. గోర్యో మామ పడవలు చెక్కే చోట, రంపపు పొట్టు మీద అందరూ కూర్చున్నారు. నేను మడత విప్పి, ముందుగా చదువుకోకుండా, గట్టిగా చదివేశాను. అదే నేను చేసిన తప్పు.

నాలుగు ఊళ్ళలో పుట్టావన్న చోట అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మామ నవ్వలేదు. చేతిలో బాడిస కింద పెట్టి, "ఇంకోసారి చదవమ్మా" అన్నాడు. చదివాను. "మకావ్, గువాం, తెర్నాతే, మనీలా. బాగానే ఉంది. ఇందులో లినావ్ ఏదమ్మా?" అన్నాడు. ఆయన మళ్ళీ బాడిస తీసుకుని పని చేసుకున్నాడు. చీకటి పడేదాకా దాన్ని కింద పెట్టలేదట.

నాకూ కోపమే వచ్చింది, చెప్పకపోవడమెందుకు. అబద్ధం ఆడరాదన్న దేవుడి ఆజ్ఞను నీకు అరటాకు మీద వెదురుపుల్లతో రాయించి నేర్పింది నేను. ఊళ్ళో పిల్లలందరికీ అదే నేర్పుతున్నాను. నువ్వు పుట్టిన నాడు గాలివానకు ఇంటి కప్పు సగం లేచిపోయింది. పదకొండేళ్ళదాన్ని, అమ్మ పక్కన దీపం ఆరకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చున్నాను. నువ్వు పుట్టింది ఆ ఇంట్లో. గువాంలో ఎవరు దీపం పట్టారో నాకు తెలియదు.

సేలాంగ్ బాగానే ఉంది. ఎండుచేపలు తిరగేస్తూ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా వింది. ఏమీ అనలేదు. ఆ పిల్ల మాట్లాడనప్పుడే నాకు భయం.

ఇంకో మాట. ఎలా చెప్పాలో తెలియడం లేదు. వడ్రంగి బాస్త్యాన్ ఈ మధ్య మామ ఇంటికి అప్పుడప్పుడు నీళ్ళు తెచ్చి పోస్తున్నాడు. కట్టెలు కూడా. అర్థం చేసుకో.

నాకు నడుం నొప్పి కాస్త ఎక్కువైంది. అదేం పెద్ద విషయం కాదు. నీలం నూలు అందింది. చాలా బాగుంది. తియ్యగా పొగిడితే పొంగిపోతావని ఇంతకన్నా రాయను.

అక్క, ఎపాంగ్


సింగపూరు,
1858 ఫిబ్రవరి 8

బంగారంలాంటి మా అక్కకు,

మామ కోపం గురించి చదివి రెండు రోజులు దిగులుపడ్డాను. పోలయ్యకు చెబితే, "మీ మామ కోపం ఊరి గురించి కాదు, నువ్వు ఆలస్యం చేసినందుకు. పెద్దవాళ్ళు ఒకటి మనసులో పెట్టుకుని ఇంకోటి అంటారు" అన్నాడు. వాడికి ముగ్గురు మేనమామలున్నారు కాబట్టి వాడి మాట నమ్మాను. మామ కోసం బర్మా టేకు పలక ఒకటి చూసి పెట్టాను. పడవ అడుగుకు అంత మంచి కొయ్య మన దీవిలో దొరకదు. అది చూస్తే కోపం ఇట్టే దిగిపోతుంది.

బాస్త్యాన్ సంగతి విని కళ్ళు చెమర్చాయి. నేను లేనప్పుడు నా పని వాడు చేసి పెడుతున్నాడన్నమాట. చిన్నప్పుడు వాణ్ణి ఎంత ఏడిపించానో తలుచుకుంటే సిగ్గేస్తోంది. అలాంటి స్నేహితుడు ఎంతమందికి దొరుకుతాడు? వాడికోసం ఒక కత్తి పంపుతున్నాను, షెఫీల్డు ఉక్కు, కొమ్ము పిడి. కట్టెలు కొట్టడానికి పనికొస్తుంది. నా మాటగా చెప్పి ఇవ్వు. మామ ఇంటికి ఏ లోటూ రాకుండా చూసుకొమ్మను.

నీ నడుం నొప్పికి చైనా వాళ్ళ తైలం పంపుతున్నాను. వాసన చూసి పారెయ్యకు. మగ్గం దగ్గర అన్ని గంటలు కూర్చోకని ఎన్నిసార్లు చెప్పాను? నువ్వు నెయ్యకపోతే ఇలొయిలో ఆడవాళ్ళు బట్ట లేకుండా తిరగరు.

ఇక అబద్ధం సంగతి. నువ్వు అలా రాస్తే నాకు బాధ కలిగింది అక్కా. నేను మనల్ని కాదనుకోలేదు. కెప్టెన్ అడిగినప్పుడు లినావ్ అని ఎందుకనలేదంటే, ఆ మాట ఆయన చెవికి ఎక్కదు. ఆయన దగ్గర ఉన్న పేర్లు పదో పదిహేనో. వాటిలో ఒకటి చెబితే పని దొరుకుతుంది. చెప్పకపోతే రేవులోనే మిగిలిపోతాం. ఒక్కసారి నువ్వు ఆ చక్రం దగ్గర నిలబడి చూడాలి. రాత్రంతా కెరటాలు కొట్టి, తెల్లవారేసరికి గాలి సర్దుకుని, ఇంత పెద్ద ఓడ నా వేళ్ళు కదిపినట్టల్లా కదులుతుంటే, నాకు నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ఈ పని నాకు ప్రాణం. దానికోసం ఒక మాట మార్చి చెప్పాను. అంతే.

సేలాంగ్ ఏమీ అనలేదంటే కోపం లేదనే అనుకుంటాను. తనకు దంతపు దువ్వెన తీసుకున్నాను, అది నేనే తెచ్చి ఇస్తాను.

నీ ఇస్లావ్


లినావ్,
1858 ఏప్రిల్ 25

ఇస్లావ్,

నీకు బుర్ర అనేది ఉందా? ఉంటే ఏ దేశంలో పుట్టిందని రాయించావు?

బాస్త్యాన్ నీ పని చేసి పెట్టడం లేదు. తన పని తాను చేసుకుంటున్నాడు. పెళ్ళికాని పిల్ల ఉన్న ఇంటికి మగవాడు నీళ్ళూ కట్టెలూ ఎందుకు మోస్తాడో రెండేళ్ళు మోసిన నీకు నేను చెప్పాలా? నేను సిగ్గుపడి సగం మాట రాస్తే, నువ్వు మిగతా సగానికి కత్తి పంపావు. పైగా పార్సెల్ మీద అంత పెద్ద అక్షరాలతో వాడి పేరు రాశావు కాబట్టి దాచడానికి కూడా వీల్లేకపోయింది. వాడు ఆ కత్తితోనే కట్టెలు కొట్టి సేలాంగ్ వాళ్ళ గుంజల ఇంటి కింద పేరుస్తున్నాడు. "మీ తమ్ముడు మనసున్నవాడు అక్కా" అని నాతోనే అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక నా నడుం. అది మగ్గం వల్ల వచ్చింది కాదు. నువ్వు రాలేదని తెలిసిన నాటి నుంచీ రోజూ పొద్దున్నే నీ పేరు మీద రెండు కుండలు మామ ఇంటికి మోస్తున్నాను. అల్లుడి తరఫున అక్క మొయ్యడం ఎక్కడా లేదని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వారు. నవ్వుకోనీ. నీ చోటు ఖాళీగా ఉంటే ఇంకొకడు వచ్చి కూర్చుంటాడని నాకు భయం. బాస్త్యాన్ మూడు కుండలు తెస్తాడు. నాకు మూడు మొయ్యడం చేతకావడం లేదు. నీ తైలం మంచిదే, రాసుకుంటున్నాను.

పోయిన ఆదివారం పూజ అయ్యాక మామ దగ్గరికి వెళ్ళి తేల్చి చెప్పమని అడిగాను. ఆయన కోపంగా లేడు. అదే నాకు ఇంకా కష్టమైంది. ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"చూడమ్మా, నేను పలక కొనేటప్పుడు ఏ కొండ మీద కొట్టిందో అడుగుతాను. ఒకసారి ఒక కొండ పేరు, ఇంకోసారి ఇంకో కొండ పేరు చెబితే, చెక్క ఎంత బాగున్నా ముట్టుకోను. ఎందుకంటే రేపు నీళ్ళలో అది ఏం చేస్తుందో నాకు తెలీదు. నీ తమ్ముడు మంచోడే. నా ఇంట్లో రెండేళ్ళు తిన్నాడు, ఒక్క మాట జారలేదు. కానీ పని కోసం ఊరి పేరు మార్చినోడు, రేపు ఇంకో రేవులో ఇంకో ఇల్లు ఉందనీ అనగలడు. ఇట్టా పోయినోళ్ళని నలుగురిని చూశాను. నా చెల్లెలి మొగుడు అట్టానే పోయాడు. ఏ ఓడ పుస్తకంలో ఏ పేరుతో ఉన్నాడో ఎవరికీ తెలీదు. అది పాతికేళ్ళుగా రేవు వైపే చూస్తా కూర్చుంది."

ఆయన చెల్లెలు ఆ పక్కనే వల అల్లుతోంది. తల ఎత్తలేదు.

ఆయన కోరింది ఇదీ. సెప్టెంబరు ఎనిమిదిన మరియమాత పుట్టిన పండుగ. ఆ రోజుకు నువ్వు రావాలి. రాలేకపోతే, నీ ఓడ కెప్టెన్ దగ్గర నుంచి ఒక కాగితం రావాలి. అందులో నువ్వు లినావ్‌లో పుట్టినవాడివని ఉండాలి. నువ్వు మార్చకుండా మైనం ముద్ర వేసి ఉండాలి. ఆయన ముందే విప్పాలి. ఒక్క ఓడ పుస్తకంలోనైనా నువ్వు మావాడివని ఉంటే సేలాంగ్ నీది. లేదంటే ఆ మర్నాటి నుంచి బాస్త్యాన్ తెచ్చే నీళ్ళు ఆయన లెక్కలోకి తీసుకుంటాడు.

సేలాంగ్‌ను పక్కకు పిలిచి అడిగాను. "నాన్న మాట కాదని నేను వెళ్ళను అక్కా. ఆయన నా కోసమే భయపడతన్నాడు. ఆ కాగితం తెప్పించు" అంది. ఇప్పుడైనా అర్థమైందనుకుంటాను.

నీకు చుక్కాని ప్రాణమని రాశావు. చదివి నాకూ సంతోషం వేసింది. కానీ ఏది ఎక్కువో నువ్వే తేల్చుకో. నేను చెప్పను.

ఎపాంగ్


సింగపూరు,
1858 జూన్ 27

అక్కా,

నీ ఉత్తరం చదివాక మొదట చేసిన పని, నా తల స్తంభానికేసి కొట్టుకోవడం. కత్తి సంగతి తెలిసి పోలయ్య పొర్లి పొర్లి నవ్వాడు. ఇప్పుడు ఓడంతా నన్ను చూసి, "ఇంకెవరికైనా కత్తి పంపుతావా?" అంటోంది.

రెండు కుండలు మోశావు. నాకు చెప్పకుండా. ఇన్నాళ్ళూ మగ్గం తగ్గించమని నీకు బుద్ధులు చెప్పాను. దీని గురించి ఇంకేమీ రాయలేను. వచ్చాక నీ కాళ్ళ దగ్గర కూర్చుంటాను.

కాగితం ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఎలా వచ్చిందో చెబుతాను.

నా గడువు అయిపోయింది. సిసీలియా ఇప్పుడు బటేవియాకు వెళ్ళి, అక్కడి నుంచి మనీలాకు, ఆ తర్వాత చక్కెర ఎత్తుకోవడానికి మన ఇలొయిలోకే వస్తుంది. అదృష్టం చూడు. అదే ఓడలో మళ్ళీ చేరడానికి వరసలో నిలబడ్డాను. బల్ల వెనక కెప్టెన్, పక్కన కొత్త గుమాస్తా. "ఏ ఊరు?" అని గుమాస్తా అడిగాడు. కెప్టెన్ తల కూడా ఎత్తలేదు, చక్రం వైపు వేలు చూపించబోతున్నాడు.

"లినావ్ దొరా. పనాయ్ దీవిలో" అన్నాను.

కెప్టెన్ అప్పుడు తల ఎత్తాడు. "మనీలా కాదా?"

"కాదు దొరా. ఎప్పుడూ కాదు. క్రితంసారి అబద్ధం చెప్పాను."

ఆయన చెడ్డవాడు కాడు. "ఏడాది నా ఓడ నడిపావు, ఒక్కసారి కూడా దారి తప్పలేదు. కానీ సరుకు పంపే వర్తకులు చుక్కాని దగ్గర మనీలా వాళ్ళే ఉండాలంటారు. వాళ్ళ ముందే అన్నావు, నేనేం చెయ్యను?" అన్నాడు. నిజంగానే ఇద్దరు వర్తకులు పక్కనే కుర్చీల్లో ఉన్నారు. చక్రం కవీతే వాడికి ఇచ్చారు. నన్ను కళాసీల్లో వేశారు. ఇప్పుడు చిట్టగాంగు వాళ్ళతో కలిసి స్తంభం ఎక్కుతున్నాను. కళాసీల పెద్ద, సరంగు, నన్ను చూసి, "లినావ్ రాజావారు వేంచేశారు" అని నవ్వుతాడు.

మనీలా కుండ దగ్గర నాకు చోటు పోయింది. పోలయ్య తన కుండలో పెట్టాడు. "ఇక్కడ అందరం తప్పుగా రాయించుకున్నవాళ్ళమే, కూర్చో" అన్నాడు. పచ్చడి ఇప్పుడు అలవాటైంది.

నీ దగ్గర దాచను. కవీతే వాడు చక్రం తిప్పుతుంటే పైనుంచి చూస్తూ ఏడ్చాను. వాడు మంచివాడే, కానీ గాలి మారినప్పుడు కొంచెం ఆలస్యంగా తిప్పుతాడు. నా వేళ్ళు వాటంతట అవే కదులుతాయి. అయినా సరే, మళ్ళీ అడిగితే మళ్ళీ లినావ్ అనే చెబుతాను. పెదవుల మీద ఆ మాట దాదాపు మూడేళ్ళ తర్వాత వచ్చింది. చెప్పాక ఒళ్ళు తేలికైంది.

ఆ రోజే గుమాస్తాను బతిమాలి, నేను ఏ ఊరివాణ్ణో ఓడ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఒక కాగితం మీద ఎత్తి రాసి ఇమ్మన్నాను. రాసి, మడిచి, మైనం కరిగించి, కెప్టెన్ ఉంగరంతో ముద్ర వేసి ఇచ్చాడు. నేను విప్పలేదు. విప్పితే ముద్ర పోతుంది, మామ ఒప్పుకోడు. నేను నా నోటితో లినావ్ అన్నాను, వాళ్ళు విన్నారు, ఇంక భయం లేదు.

మేం మనీలా చేరేసరికి సెప్టెంబరు సగం దాటుతుంది. పండుగకు అందుకోలేను. ఈ ఉత్తరం తెచ్చే చైనా ఓడ సూటిగా ఇలొయిలోకు వస్తుంది కాబట్టి కాగితం ముందే చేరుతుంది. నాకేదైనా చెప్పాలనుకుంటే మనీలా రేవుకు సిసీలియా పేరు మీద రాయి.

నువ్వు ఇంక కుండలు ముట్టుకోకు. ఇది చిన్నవాడి మాటే అయినా విను.

ఇస్లావ్


లినావ్,
1858 సెప్టెంబరు 9

మా ఇస్లావ్‌కు, మనీలా రేవులో సిసీలియా ఓడకు,

ఈ ఉత్తరం ఎవరి ముందూ చదవకు. పోలయ్యకైనా సరే. చదివాక నీళ్ళలో పారెయ్యి.

నిన్న పండుగ. ఊరేగింపు అయ్యాక ఊరంతా మామ పడవల దగ్గరే చేరింది. నీ కాగితం వచ్చిందని పది రోజులుగా అందరికీ తెలుసు. బాస్త్యాన్ కూడా వచ్చాడు, తల దువ్వుకుని, తెల్ల చొక్కా వేసుకుని. మామ ముద్రను ఎండకు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. "చెక్కు చెదరలేదు" అన్నాడు. తన చేత్తోనే పగలగొట్టి నాకు ఇచ్చాడు. "చదవమ్మా. నీ నోట తప్పు రాదు" అన్నాడు.

విప్పాను. రాత ఇంగ్లీషుదే, కానీ అక్షరాలు పాదిర్లు మనకు నేర్పినవే కదా. నీ పేరు ఉంది. వయసు ఉంది. నీ పని కళాసీ అని ఉంది. పుట్టిన ఊరు అన్న చోట మనీలా అని ఉంది.

మూడుసార్లు చూశాను తమ్ముడూ. మనీలాయే. నువ్వు చక్రం పోగొట్టుకుని చెప్పిన మాట విన్నారు, నిన్ను కిందికి దించడానికి దాన్ని వాడుకున్నారు, కలం పట్టేసరికి మాత్రం ఆ గుమాస్తా మన దీవుల వాళ్ళందరికీ ఎప్పుడూ రాసే పేరే రాసేశాడు. వాడికి అందులో తప్పేమీ కనిపించి ఉండదు. నాకు మాత్రం కాళ్ళ కింద పొట్టు జారిపోయినట్టయింది.

అందరూ నా మొహమే చూస్తున్నారు. మామ చెల్లెలు కూడా వల పక్కన పెట్టి లేచి నిలబడింది.

నేను చదివాను. "ఇస్లావ్. ఇరవై నాలుగేళ్ళు. కళాసీ. పుట్టిన ఊరు లినావ్, పనాయ్ దీవి."

గొంతు తడబడలేదు. పిల్లలకు పాఠం చెప్పే గొంతుతోనే చదివాను. నా జీవితంలో కాగితం మీద లేనిది చదవడం అదే మొదటిసారి.

మామ చెయ్యి చాపి కాగితం తీసుకున్నాడు. ఆయనకు అక్షరం రాదు, అయినా చాలాసేపు చూశాడు. తర్వాత సేలాంగ్‌ను పిలిచాడు. ఆ పిల్లకు లెంట్ ఉపవాసాల రోజుల నుంచి నేనే చదువు చెబుతున్నాను. నీకు రాయలేదు, తనే తన చేత్తో మొదటి ఉత్తరం రాసి నిన్ను ఆశ్చర్యపరుస్తానంది. మామకు ఆ సంగతి తెలుసు.

"నువ్వూ చూడమ్మా. ఎపాంగ్ మీద అనుమానం కాదు. నీ పెళ్ళి, నీ కళ్ళతో చూసుకో" అన్నాడు.

ఆమె కాగితం పట్టుకుని, ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టుకుంటూ వెళ్ళింది. పెదవులు కదులుతున్నాయి. ఊరు అన్న చోట వేలు ఆగిపోయింది. నేను ఆమె వైపు చూడలేకపోయాను. పక్కనున్న పడవ వైపు చూశాను.

"లినావ్ అనే ఉంది నాన్నా" అంది.

అని కాగితం నాలుగు మడతలు పెట్టి, జాకెట్టులో దోపుకుంది. ఇంకెవరికీ ఇవ్వలేదు. బాస్త్యాన్ ఇంకాస్త నిలబడి, "ఆ కత్తి నేనే ఉంచుకోవచ్చా అక్కా?" అని నన్ను అడిగాడు. ఉంచుకోమన్నాను. పాపం, మంచివాడే. మామ చెల్లెలు నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని నిలబడింది. ఆమె చెయ్యి చాలా చల్లగా ఉంది.

తర్వాత ఇంటి వెనక సేలాంగ్‌ను కలిశాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. ఆమే ముందు అంది. "ఇస్లావ్ నిజం చెప్పాడు కదక్కా?" "చెప్పాడు. దానికోసం చుక్కాని వదులుకున్నాడు" అన్నాను. నీ ఉత్తరం చేతికిచ్చాను. మెల్లగా, కూడబలుక్కుంటూ తనే చదువుకుంది. స్తంభం మీద ఏడ్చానన్న చోట తనూ ఏడ్చింది.

ఇదీ జరిగింది. నువ్వు వచ్చి మామతో ఏ మాట జారతావోనని ముందే రాస్తున్నాను. కాగితంలో ఏముందని ఎవరు అడిగినా, మీ అక్క చదివిందే ఉందని చెప్పు.

శనివారం పాదిరి దగ్గర పాపాలు ఒప్పుకోవాలి. నిన్నటి నుంచీ ఏమని చెప్పాలో ఆలోచిస్తున్నాను. అబద్ధం చదివానని చెప్పాలి. చెబితే ఆయన, "ఆ కుర్రాడు పుట్టింది ఎక్కడమ్మా?" అని అడుగుతాడు. లినావ్‌లోనే అనాలి. "మరి ఎవరు అబద్ధం చెప్పారమ్మా?" అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నా, లేకపోయినా, నువ్వు ఓడ దిగి మన ఇంటి మెట్ల మీద కనబడేదాకా నేను ఒప్పుకోలుకు వెళ్ళను. ఆయన క్షమించనంటే, ఆ మాట కనీసం నిన్ను చూసిన తర్వాతైనా విననీ.

త్వరగా రా.

మీ అక్క, ఎపాంగ్